చప్పుడు చెయ్యని ఫ్యాను

ఆ ఎండాకాలం మా ఇంట్లో నా లాప్‌టాప్‌కి వైద్యం చెయ్యని మనిషి లేడు. మా అత్తగారు వీరవేణి ఎండుమిరపకాయలూ రాళ్ల ఉప్పూ గుప్పిట పట్టి దానికి దిష్టి తీశారు. మా మావగారు తాతాజీ గారు నారు మీద కప్పే పచ్చ నెట్టు తెచ్చి నా గది కిటికీకి రెండు వరసలు కట్టించి, దాని మీద తడిపిన గోనెసంచులు వేలాడదీయించారు. మా ఆయన మురళీకృష్ణ దాన్ని బండి మీద రాజమండ్రి తీసుకెళ్లి విప్పించాడు, దులిపించాడు, కొత్త పేస్టు రాయించాడు. ఇంతమంది ఇన్ని చేస్తుంటే, ఇంత మంచివాళ్ల మధ్య పడ్డానా అని ఒకటి రెండుసార్లు కళ్లనీళ్లు పెట్టుకున్నాను కూడా. ఆ నీళ్లు ఏ మొక్కకి పోసినా నాలుగు చిగుళ్లు వేసేది.

మాది కడియం దగ్గర నర్సరీ. ఇల్లు కూడా నర్సరీలోనే. గేటు, గేటు పక్కన ఆఫీసు గది, దాని వెనక ఇల్లు, ఇంటి చుట్టూ ఎటు చూసినా నల్ల సంచుల్లో మొక్కలు. మావాళ్లు మొక్కలు పెంచి లారీలకెక్కించి దేశం మీదికి పంపిస్తారు. నేను అవే మొక్కల్ని కంప్యూటర్‌లో నాటుతాను. పెద్ద పెద్ద ఊళ్లలో అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు, గోడలు లేవకముందే కొనేవాళ్లకి తోట చూపించాలి కదా, ఆ తోట గీయడం నా పని. చెట్లూ నీడలూ బెంచీలూ, వాటి మధ్య నుంచి మనం నడిచి వెళ్తున్నట్టు ఒక వీడియో. గీయడం నా చేతిలో పని. గీసిన దాన్ని వెలుగునీడలతో సహా ఒక్కొక్క బొమ్మగా తయారు చెయ్యడం మాత్రం కంప్యూటర్ పని, రెండర్ అంటారు. ఆ సమయంలో దాని మెదడు, అంటే ప్రాసెసర్, ఒళ్లు దాచుకోకుండా పనిచెయ్యాలి. అది నడుం వాల్చిందా, నేను ఎంత బాగా గీసినా ఒకటే, గీయకపోయినా ఒకటే.

ఉగాది వెళ్లాక బెంగళూరు కంపెనీ ఒకటి నాకు పెద్ద తోట అప్పజెప్పింది. అప్పటిదాకా చిన్నాచితకా పనులు చేయించుకున్నవాళ్లే. ఇది పరీక్ష లాంటిది. జూన్ మొదటి వారానికి మొత్తం వీడియో ఇస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఖాయమైతే మొదటి ఆర్నెల్లు బెంగళూరులో ఉండి వాళ్ల పద్ధతి నేర్చుకోవాలి, ఆ తర్వాత ఇంటి నుంచే చేసుకోవచ్చు. ఈ పని నాకు ఇప్పించింది వినీల. పాలకొల్లు అమ్మాయి, డిప్లొమాలో నాకు జూనియర్, ఇప్పుడు ఆ కంపెనీలోనే ఉంది. నాకోసం మేనేజర్ దగ్గర పూచీ పడింది.

భోజనాల దగ్గర చెప్పాను. మా అత్తగారు గరిట గిన్నెలో వదిలేశారు.

"ఆర్నెల్లా? మరి ఇల్లో?"

"పోనీలేవే. చదువుకున్న పిల్ల. ఇంట్లో కూచుని సంచుల్లో మట్టి నింపుతాదా?" అన్నారు మావగారు.

మురళి పప్పులో ఆవకాయ కలుపుకుంటూ, "ముందు రానీ అమ్మా. వచ్చాక చూసుకుందాం" అన్నాడు.

వద్దనలేదు కదా అని నేను సంబరపడిపోయాను. వద్దనకపోవడం వేరు, సరే అనడం వేరు. పెళ్లయి నాలుగేళ్లయినా ఆ తేడా నాకు తెలిసిరాలేదు.

మొదటిసారి లాప్‌టాప్ మొరాయించింది నిజంగా వేడికే. ఏప్రిల్ నెలాఖరు. ఎండ నిప్పులు చెరుగుతోంది. అన్నం వార్చేలోపు అయిపోవాల్సిన బొమ్మ, అన్నాలు తిని, అంట్లు తోమి, బట్టలు మడతపెట్టినా కాలేదు. లోపలి ఫ్యాను మాత్రం పిండిమర పెట్టినట్టు ఒకటే మోత. కీబోర్డు మీద వేలు ఆనితే చురుక్కుమంటోంది.

"దీన్ని థ్రాట్లింగ్ అంటారు దుర్గా" అన్నాడు మురళి. బీకాం కంప్యూటర్స్ చదివాడు, మా ఇంట్లో ఇలాంటి విషయాల్లో ఆయన మాటే మాట. "మరీ వేడెక్కితే కాలిపోకుండా ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది. మనం ఎండలో పని ఆపి చెట్టు కింద కూచోమూ, అలాగ."

ఎంత చక్కగా చెప్పాడో. ఆ లాప్‌టాప్ కొన్నప్పుడు షాపులో బేరమాడి, ఇంటికి తెచ్చి, అన్నీ ఎక్కించి, పాస్‌వర్డ్ పెట్టి నా చేతికిచ్చింది కూడా ఆయనే. మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నప్పుడు నర్సరీ జీఎస్టీ బిల్లులు అందులోనే కొట్టుకునేవాడు. మొగుడికి తెలియని పాస్‌వర్డ్ ఒకటి ఉండాలని నాకెప్పుడూ తోచలేదు.

మర్నాడే ఇద్దరం రాజమండ్రి వెళ్లాం. దేవీచౌక్ దగ్గర సందులో రిపేరు షాపు. దాని ఓనరు విజయ్ పాల్ అడుగు మూత విప్పి చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మేడమ్ గారండీ, ఇది ఫ్యానండి. మీరు దీన్ని కొబ్బరి పరుపు చేసేశారండి."

నిజమే. నర్సరీల్లో మట్టిలో కలపడానికి కొబ్బరి పొట్టు గుట్టలుగా పోసి ఉంటుంది. గాలి లేస్తే ఇల్లంతా అదే. మా ముక్కుల్లో, మా తలల్లో, మా చారులో కూడా ఉంటుంది. అది లాప్‌టాప్ లోపలికి పోయి, ఫ్యాను రెక్కల చుట్టూ దూదిలా దట్టంగా పట్టేసింది. విజయ్ పాల్ దాన్ని చిన్న పట్టకారుతో లాగి పక్కన పెడితే పిచ్చుక గూడంత వచ్చింది. మురళీ నేనూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నాం. ఆ తర్వాత మళ్లీ అలా కలిసి నవ్వుకున్నట్టు నాకు గుర్తులేదు.

అతను ప్రాసెసర్ మీద వేడిని లాగేసే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాస్తుండగా వినీల ఫోన్ చేసింది. లోపల ఫ్యాన్ల చప్పుడుకి వినపడక నేను బయటికొచ్చి మాట్లాడాను. మాట్లాడుతూ అద్దంలోంచి చూస్తున్నాను. విజయ్ పాల్ లాప్‌టాప్ బిగించేసి ఆన్ చేసి, తెర మురళి వైపు తిప్పి వేలితో ఏదో చూపిస్తున్నాడు. మురళి ముందుకి వంగి, ఊఁ కొడుతూ, మహా శ్రద్ధగా చూస్తున్నాడు. ఈయనకి నా పని మీద ఎంత పట్టింపో అనుకున్నాను.

"ఏం చూపించాడండీ?" అని అడిగాను బండెక్కాక.

"ఏముంది, చల్లగా ఉంచుకోమన్నాడు" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు లాప్‌టాప్ గుర్రంలా పరిగెత్తింది. తోటలో గేటు నుంచి కొలను దాకా అయిపోయింది. వినీల చూసి, "అక్కా, ఆ పొగడచెట్టు కింద నీడ చూసి మా మేనేజర్ గారు లేచి వచ్చి నించున్నారు తెలుసా" అంది. ఆ పొగడచెట్టు మా నర్సరీ వెనక గట్టు మీద ఉన్నదే. దాని నీడ ఏ వేళకి ఎటు పడుతుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ రోజు మురళికి ఆ మాట చెప్పినప్పుడు నా గొంతులో ఎంత సంతోషం పలికిందో ఏమో, "అయితే నువ్వు బెంగళూరు వెళ్లిపోయినట్టే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ వారంలోనే లాప్‌టాప్ మళ్లీ పడకేసింది.

ఈసారి పడక వేరుగా ఉంది. మోత లేదు. చురుక్కుమనడం లేదు. బొమ్మ మాత్రం కదలదు. ఒక్కో బొమ్మ తయారవ్వడానికి ఇదివరకటికి మూడింతలు, నాలుగింతలు. ఫ్యాను రంధ్రాల దగ్గర అరచెయ్యి పెడితే ఉందా లేదా అన్నట్టు చిన్న గాలి. మావగారి గోనెసంచుల పుణ్యమే ఈ చల్లదనం అనుకున్నాను. వేడి తగ్గినా వేగం ఎందుకు పెరగలేదని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచించే పని మా ఇంట్లో మురళిది.

"నలభై ఆరు డిగ్రీలు కాస్తుంటే మనుషులే కదల్లేకపోతున్నారు. మిషను ఎంత? నాలుగు వానలు పడితే అదే సర్దుకుంటుంది" అన్నాడాయన.

"వానలు పడేసరికి నా గడువు దాటిపోతుందండీ."

"నీ చేతిలో ఏముంది చెప్పు, నా చేతిలో ఏముంది?"

అప్పుడు మొదలైంది ఇంటిల్లిపాదీ సేవ. ఆఫీసు గదిలో వచ్చినవాళ్లు కూచునే చోట ఉన్న కూలరు నా గదిలోకి వచ్చింది. మావగారు మొక్కల కుండీల కింద పెట్టే పెద్ద మట్టి పళ్లెం తెచ్చి, ఇసక పోసి, తడిపి, మీద నాపరాయి పలక పరిచి, దాని మీద లాప్‌టాప్ పెట్టమన్నారు. "అంటు కట్టిన కొమ్మకి కూడా నేనింత చెయ్యలేదమ్మా" అన్నారు గర్వంగా. నేను తెల్లారగట్ల కోడి కూసేసరికి లేచి, ఎండ ముదిరేలోపు ఎంతైతే అంత చేసుకునేదాన్ని. పొద్దున్న వంట మొత్తం మా అత్తగారి మీద పడింది. ఆవిడ ఊరుకునే రకమా!

"ఆ పెట్టెకి చేసినన్ని ఉపచారాలు మా అత్తకి కూడా చెయ్యలేదే తల్లీ నేను" అనేవారు పొయ్యి దగ్గర చెమటలు కక్కుకుంటూ. అంటూనే నాకు రాగిజావ గ్లాసులో పోసి ఎవరిచేతనైనా పంపించేవారు.

మురళి మధ్యాహ్నం మజ్జిగలో నిమ్మాకు నలిపి వేసి స్వయంగా తెచ్చిచ్చేవాడు. పక్కన కూచుని, తల మీద చెయ్యి వేసి, "పోనీ వదిలెయ్ దుర్గా. ఆరోగ్యం పాడుచేసుకుంటావా ఏంటి? ఇది కాకపోతే ఇంకోటి వస్తుంది" అనేవాడు. ఒకరోజు ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. వీపు నిమిరాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు. నా బాధ చూడలేక అనుకున్నాను.

నేను పోరుపెడితే మళ్లీ ఒకసారి రాజమండ్రి తీసుకెళ్లాడు, ఈసారి ఒక్కడే. "నువ్వెందుకు ఎండలో, నేను చూపించుకొస్తాగా" అని సంచిలో పెట్టుకుని పొద్దున్నే వెళ్లాడు. సాయంత్రం లాప్‌టాప్‌తో పాటు బంగినపల్లి పళ్లు తెచ్చాడు.

"ఇంతకన్నా చెయ్యగలిగింది లేదన్నాడు. కొత్తది కొనుక్కోవడమేనంట" అన్నాడు చెప్పులు విడుస్తూ. ఆ పళ్లు ఎంత తియ్యగా ఉన్నాయో, ఇంటిల్లిపాదీ చేతులు నాక్కుంటూ తిన్నాం.

ఆ రోజుల్లోనే నర్సరీలో అరేకా పామ్ మొక్కల్ని ఆపుతున్నారు. మాకు ప్రతి వేసవిలో ఇది మామూలే. ఉత్తరాది నుంచి ఆర్డరు వస్తుంది, కాని లారీ వానలు పడ్డాకే వస్తుంది. ఈలోపు మొక్క ఆర్డరు చెప్పిన ఎత్తు దాటిపోకూడదు. సంచి అడుగు చీల్చుకుని వేరు నేలలోకి దిగిపోకూడదు. అందుకని నీళ్లు తగ్గిస్తారు, ఒక్కో సంచినీ ఉన్నచోటు నుంచి ఎత్తి పక్కన పెడతారు. ఎత్తినప్పుడు కింద టప్‌మని చిన్న చప్పుడవుతుంది. నేలలోకి దిగిన వేరు తెగిన చప్పుడది. మొక్క నాలుగు రోజులు తల వేలేస్తుంది, తర్వాత ఉన్నచోటే, ఉన్నంతే ఉండిపోతుంది. దీన్నే మావాళ్లు ఆపడం అంటారు.

గట్టు మీద నిలబడి మావగారు కొడుకుని కేకలేస్తున్నారు. "ఆపడం అంటే చంపడం కాదురా! చూసుకుని ఆపు. లారీ వచ్చేదాకా ఆగితే చాలు."

"తెలుసు నాన్నా" అన్నాడు మురళి సంచి ఎత్తుతూ.

జూన్ వచ్చేసింది. తోటలో కొలను దాటాక నాలుగడుగులు కూడా పడలేదు. వినీల రోజూ ఫోను. మొదట "ఎంతవరకు వచ్చిందక్కా" అని, తర్వాత "మేనేజర్ గారు అడుగుతున్నారక్కా" అని, చివరికి గొంతు తగ్గించి, "సోమవారం దాకా గడువు తెచ్చానక్కా, ఇంక నా మాట చెల్లదు" అని.

శనివారం మధ్యాహ్నం వినీల ఉండబట్టలేక, "ఒకసారి నీ తెర నాకు కనపడేలా పెట్టు. నేనే చూస్తాను" అంది. పెట్టాను. చిన్న ప్రోగ్రాం ఒకటి వేయించింది. అందులో అంకెలు ఒకటికి రెండుసార్లు చూసుకుంది.

"అక్కా, నీ ప్రాసెసర్ ఎంత వేడి మీద ఉందో చూశావా? నలభై తొమ్మిది డిగ్రీలు. ఇక్కడ ఏసీలో కూచుంటేనే నాది డెబ్భై దాటింది. నీది వేడెక్కలేదక్కా. జ్వరమే లేని మనిషిని మంచాన పడుకోబెట్టినట్టుంది."

"మరి ఎందుకాగిపోతోంది?"

"వేడికి ఆగలేదంటే, సెట్టింగ్‌లో ఆగి ఉండాలి. పవర్ ఆప్షన్స్ తెరువు."

తను చెప్పినట్టల్లా నొక్కుకుంటూ పోయాను. ఒక గడి లోపల ఇంకో గడి, దాని లోపల ఇంకోటి. నేను ఎన్నడూ వెళ్లని సందులు అవి. చివర్న ప్రాసెసర్ అత్యధికంగా ఎంత పనిచెయ్యొచ్చో చెప్పే చోటు. అక్కడ నూరు శాతం ఉండాలట. ముప్పై ఉంది. కరెంటు మీద నడిచేటప్పుడు ముప్పై, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ముప్పై. ఒకచోటే మారితే చెయ్యి తగిలి మారిందని సరిపెట్టుకోవచ్చు.

"ఎవరు పెట్టారక్కా ఇలాగ?" అంది వినీల.

"షాపులో పెట్టారేమో."

ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే అది కాదని నాకు తెలుసు. షాపు నుంచి వచ్చాక కొన్నాళ్లు గుర్రంలా పరిగెత్తింది కదా. అయినా విజయ్ పాల్‌కి ఫోన్ చేశాను.

"లేదండి మేడమ్ గారండీ, నేను నూరు మీదే ఉంచి ఇచ్చానండి. మిట్టమధ్యాహ్నం మరీ వేడెక్కితే కాస్త తగ్గించుకోండి, ఓ తొంభై దాకానండి అని మీవారికి ఎక్కడ మార్చాలో చూపించానండి" అన్నాడు.

"రెండోసారి తెచ్చినప్పుడు కూడా చూశారా?"

"రెండోసారాండి? ఒక్కసారే కదండీ మీరొచ్చింది, ఇద్దరూనూ."

ఫోన్ పెట్టేశాను. ఒళ్లంతా చల్లబడిపోయింది, నా లాప్‌టాప్ లాగే. ఆ రెండు ముప్పైలనీ చెరిపి రెండు నూర్లు కొట్టాను. రెండర్ నొక్కాను. రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత లోపల ఎక్కడో ఫ్యాను ఊపిరి పీల్చుకున్నట్టయి, గిర్రున లేచి, ఒకటే మోత మొదలెట్టింది.

అవతల గదిలో భోజనాలకి కూర్చున్నారు. నేను వెళ్లి కంచాల్లో అన్నం పెట్టాను. గోంగూర పప్పు వడ్డించాను. గది తలుపు బార్లా తెరిచే ఉంచాను.

"ఆ మోతేంటే? ఇన్నాళ్లూ లేదే?" అన్నారు మా అత్తగారు.

"పనిచేస్తోందండీ అత్తయ్య గారూ" అన్నాను.

మురళి నోటి దాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టేశాడు. తలెత్తలేదు. మావగారు మాత్రం వెలిగిపోతూ, "చెప్పానా! ఇసక పళ్లెం మహిమ. వారం నుంచి రోజుకి రెండుసార్లు తడుపుతున్నాను మరి" అన్నారు. దిష్టి తీసింది నేను కాదా అని అత్తగారు అందుకున్నారు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. వాళ్లని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ ఇద్దరి వైద్యమూ నిజమే, లేని రోగానికి చేశారంతే.

సాయంత్రం మురళి అరేకా మళ్ల దగ్గర పైపు పట్టుకుని నిలబడి ఉంటే వెళ్లాను. ఆ ఆపిన మొక్కలకి ఒక్క తడి, ప్రాణం నిలిచేంత.

"విజయ్ పాల్ గారితో మాట్లాడానండి" అన్నాను.

పైపు కదల్లేదు. నీళ్లన్నీ ఒకే సంచిలో పడి, నిండి, పొర్లి కాళ్ల కిందికి వస్తున్నాయి.

"రెండోసారి మీరు రానేలేదన్నారు. ఆ రోజంతా ఎక్కడున్నారండీ?"

పైపు పక్క సంచిలోకి తిప్పి, "కోరుకొండ వెళ్లాను. కొండెక్కి కూచున్నాను" అన్నాడు.

"లాప్‌టాప్‌తోనా?"

"సంచిలోనే ఉంది."

ఆ ఎండలో, అన్ని మెట్లెక్కి, నా లాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని నరసింహస్వామి గుడి దగ్గర పొద్దుగూకేదాకా కూచున్న మనిషిని తలుచుకుంటే ఒక్క క్షణం జాలేసింది. ఆ తర్వాత బంగినపల్లి పళ్లు గుర్తొచ్చాయి. జాలి పోయింది.

"ఎందుకు చేశారండీ?"

"ఆర్నెల్లన్నావు. ఆ ఊళ్లో ఆర్నెల్లుండి, ఆ ఏసీలూ ఆ మనుషులూ అలవాటయ్యాక, ఈ కొబ్బరి పొట్టులోకి మళ్లీ వస్తావా? నువ్వు ఆ పొగడచెట్టు నీడ గురించి చెప్పినప్పుడే నాకు తెలిసిపోయింది. నీ మొహం నేనెప్పుడూ అలా చూడలేదు." పైపు కింద పడేశాడు. "ఆపానంతే దుర్గా. పాడు చెయ్యలేదు. జూన్ దాటాక నేనే మళ్లీ నూరు పెట్టేసేవాణ్ని. నీకు తెలిసేది కూడా కాదు."

"నన్ను అడగొచ్చుగా? వెళ్లొద్దు దుర్గా అని ఒక్క మాట?"

"అంటే ఆగేదానివా?"

ఆగేదాన్నేమో. నాలుగు రోజులు ఏడ్చి, అలిగి, ఆగేదాన్నే బహుశా. ఇప్పటికీ నా కడుపు మండేది అందుకే. తడబడుతూనైనా నాకు చెప్పుకోవాల్సిన మాటని తీసుకెళ్లి యంత్రంలో దాచిపెట్టాడు. ఆ మాట లోపల పెట్టుకునే నాకు మజ్జిగ తెచ్చిచ్చాడు, ఆ మాట పెట్టుకునే నా వీపు నిమిరాడు. ఆగేదాన్నని మాత్రం ఆయనకి చెప్పలేదు. ఆ ఊరట నేనెందుకివ్వాలి?

ఆదివారమంతా ఫ్యాను మోగుతూనే ఉంది. సోమవారం గడువు వేళ దాటిపోయింది. పూర్తయిన వీడియో మంగళవారం పంపాను. గేటు, కొలను, పొగడచెట్టు, దాని వెనక దారి, దారి చివర ఎవరూ కూచోని బెంచీ. బాగుందని జవాబు వచ్చింది. చాలా బాగుందనే రాశారు. కాని ఆ ఉద్యోగం సోమవారం సాయంత్రమే ఇంకొకరికి ఇచ్చేశారని, వీలైతే మళ్లీ ఎప్పుడైనా కలిసి పనిచేద్దామని కూడా రాశారు. వినీల ఫోన్ చేసి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

మా అత్తగారికీ మావగారికీ వేడి వల్ల ఆలస్యమైందనే చెప్పాను. నిజం చెప్తే ఆవిడ కొడుకుని వెనకేసుకొస్తారు, ఆయన కొడుకుని నలుగురిలో తిడతారు. ఆ రెండిట్లో నాకు కావాల్సింది ఏదీ లేదు. నేను చేసింది ఒకటే, పాస్‌వర్డ్ మార్చాను. మధ్యాహ్నం బిల్లు కొట్టుకోవడానికి వచ్చిన మురళి తెర ముందు కాసేపు కూచుని, లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ మా అత్తగారు ఉన్నారు. ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్లాడు. తర్వాత బిల్లులు కడియంలో ఎక్కడో నెట్ సెంటర్‌లో కొట్టించుకొస్తున్నాడు. ఎండకి లాప్‌టాప్ మీద భారం ఎందుకని, అన్నాడట వాళ్లమ్మతో. ఎంత మంచివాడే నా కొడుకు అని ఆవిడ నాతో అన్నారు.

తొలకరి పడ్డాక లారీ వచ్చింది. కూలీలు అరేకా సంచులు వరసగా ఎక్కిస్తున్నారు. మావగారు గొడుగు వేసుకుని ఒక్కో మొక్కా చూసుకుంటూ, "ఆపితే ఇలా ఆపాలి. ఒక్కటి పాడవలేదు చూడు" అని డ్రైవరుతో గొప్పలు పోతున్నారు. నేను నా గదిలో ఉన్నాను. వినీల వేరేచోట నుంచి ఇప్పించిన పని, చిన్నదే, ఒక బడి ముందు తోట. కిటికీకి కట్టిన గోనెసంచులు తీసేశాను. పచ్చ నెట్టు కూడా తీసేశాను.

మురళి వానలో తడిసి కిటికీ దగ్గరికొచ్చి నించున్నాడు. ఇన్ని రోజులూ అన్నం పెట్టడం, నీళ్లు తోడడం, ఎవరైనా వస్తే పిలవడం, అంతవరకే మా మధ్య మాటలు. అదీ ఇంట్లోవాళ్లు అనుమానపడకుండా.

"ఇంకెన్నాళ్లు దుర్గా ఇలాగ? మాట్లాడవా నాతో?" అన్నాడు మెల్లిగా.

తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, "ఆపానంతేనండి. పాడు చెయ్యలేదు" అన్నాను.

 మావగారు కేకేస్తే ఆయన లారీకి పట్టా కట్టడానికి వెళ్లాడు. నా పక్కన ఫ్యాను ఆగకుండా మోగుతూనే ఉంది.